తిరగడమూ సిలబస్సే

శనివారం పొద్దున్నే మ్యూనిక్‌లో సాల్జ్‌బుర్గ్ వెళ్లే రీజనల్ రైలెక్కితే ఏదో ఒక బోగీలో తెలుగు వినపడక మానదు. వీపున బ్యాగు, ఒళ్లో పులిహోర డబ్బా, చేతిలో ఫోను. రెండు గంటలు తిరక్కుండానే సరిహద్దు దాటి ఆస్ట్రియాలో దిగుతారు. మోజార్ట్ పుట్టిన ఇంటి ముందు ఒక ఫొటో, కొండమీది కోటెక్కి ఇంకో ఫొటో, చీకటి పడేసరికి తిరుగు రైలు. దారి ఖర్చు విడిగా ఏమీ లేదు. నెలకి 63 యూరోలు కట్టి తీసుకునే డాయిచ్‌లాండ్ టికెట్ సరిహద్దు అవతలి సాల్జ్‌బుర్గ్ స్టేషన్ దాకా చెల్లుతుంది. ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పడ్డాక ఇంటినుంచి ఫోను మోగుతుంది: “చదువుకోమని పంపితే ఊళ్లు పట్టుకు తిరుగుతున్నావేంట్రా?”

ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. జర్మనీ వీసా కావాలంటే ఏడాది ఖర్చులకని 11,904 యూరోలు, అంటే మన డబ్బులో పదకొండు లక్షలకు పైనే, బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే వేసి చూపించాలి. అందులోంచి నెలకి 992 యూరోలు మాత్రమే చేతికొస్తాయి. గది అద్దె, ఆరోగ్య బీమా, తిండి పోగా మిగిలే చిల్లరతో ప్రేగ్ చూసొచ్చానంటే, లోన్ కట్టే తండ్రికి దుబారాగానే కనిపిస్తుంది.

అయితే యూరప్‌లో విద్యార్థుల తిరుగుడు కుర్రకారు సరదాతో పుట్టుకొచ్చింది కాదు. చట్టాలు రాసి, టికెట్లు కనిపెట్టి, బసలు కట్టి, సరిహద్దుల్లో కాపలా ఎత్తేసి, ఆ ఖండం పనిగట్టుకుని చేసుకున్న ఏర్పాటు అది. మనవాళ్లు అందులోకి పక్కతలుపు గుండా వెళ్తున్నారు, అంతే తేడా.

ఈ ఏర్పాటుకి ఒక అమ్మ కూడా ఉంది. పేరు సోఫియా కొరాడి, ఊరు రోమ్. న్యాయశాస్త్రం చదువుతుండగా ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ వచ్చి 1957లో న్యూయార్క్ వెళ్లింది. ఏడాదిపాటు కొలంబియా యూనివర్సిటీలో చదివి, మాస్టర్స్ పట్టాతో తిరిగొచ్చింది. అక్కడ రాసిన పరీక్షలను లెక్కలోకి తీసుకుని తన డిగ్రీ పూర్తి చేయనివ్వమని సొంత యూనివర్సిటీని అడిగితే ససేమిరా అన్నారు. పైగా అందరి ముందూ అవమానించి పంపారని ఆమె తర్వాతి రోజుల్లో చాలాసార్లు చెప్పుకుంది. అమెరికాలో చదివిన ఏడాది ఇటలీ లెక్కలో సున్నా అయింది. మామూలు మనిషైతే ఏడ్చి ఊరుకునేది. కొరాడి మాత్రం పరాయి దేశంలో చదివిన కాలాన్ని సొంత యూనివర్సిటీ గుర్తించి తీరాలన్న మాటను పట్టుకుని వదల్లేదు. ఇటలీ వైస్ ఛాన్సలర్ల సంఘానికి సలహాదారైన చోటును వాడుకుంది. 1969లో ప్రతిపాదన రాసింది. దాన్ని చేతబట్టుకుని ఆఫీసు తర్వాత ఆఫీసు, దేశం తర్వాత దేశం తిరిగింది. పద్దెనిమిదేళ్లు పట్టింది.

1987లో యూరోపియన్ కమ్యూనిటీ ఎరాస్మస్ పథకాన్ని మొదలుపెట్టింది. మొదటి ఏడాది 11 దేశాల నుంచి వెళ్లింది 3,244 మందే. ఇప్పటికి ఆ సంఖ్య కోటిన్నర దాటింది. పరాయి యూనివర్సిటీలో సెమిస్టరో ఏడాదో చదివినా సొంత డిగ్రీకి నష్టం ఉండదు. ఏడాదికి 60 క్రెడిట్ల చొప్పున ఖండమంతా ఒకే కొలత పెట్టుకున్నారు, ఆ క్రెడిట్లు విద్యార్థితో పాటే ప్రయాణిస్తాయి. ‘మమ్మా ఎరాస్మస్’ అని పిల్లలు పిలుచుకునే కొరాడికి 2016లో స్పెయిన్ రాజు చేతుల మీదుగా కార్లోస్ ఐదో పురస్కారం అందింది. కొలంబియాలో ఆమె రాసిన పరీక్షలకు ఇంతకన్నా పెద్ద మార్కులు ఎవరు వేయగలరు!

పథకానికి పేరిచ్చిన ఎరాస్మస్ కూడా తక్కువ తిరుగుబోతు కాదు. 1466 ప్రాంతంలో రోటర్‌డామ్‌లో పుట్టి, పారిస్‌లో చదివి, ట్యూరిన్‌లో డాక్టరేట్ పుచ్చుకుని, వెనిస్‌లో అచ్చుపని చూసి, కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పి, 1536లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పోయాడు. ఆయనకి మూడు శతాబ్దాల ముందే చదువు కోసం దేశాలు తిరిగేవాళ్లకు రాజరక్షణ ఉండేది. ఇటలీలోని బొలోన్యాకి చదువుకోడానికి వచ్చే పరాయి కుర్రాళ్ల కోసం చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా 1158 ప్రాంతంలో ఒక శాసనం ఇచ్చాడు. అప్పట్లో ఒక విచిత్రమైన ఆచారం నడిచేది. ఎవడైనా అప్పు ఎగ్గొట్టి పారిపోతే, వాడి ఊరివాడు ఎవడు దొరికితే వాడిని పట్టుకుని వసూలు చేసేవారు. విద్యార్థులను అలా పట్టుకోకూడదని చక్రవర్తి కట్టడి చేశాడు. పన్నెండో శతాబ్దపు స్టూడెంట్ వీసా అనుకోవచ్చు దాన్ని.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిష్ జమీందారీ కుర్రాళ్లు ట్యూటర్‌ని వెంటేసుకుని ఇటలీ దాకా చేసిన గ్రాండ్ టూర్ల గురించి పుస్తకాలకు పుస్తకాలే ఉన్నాయి. వాటి సంగతి వదిలేద్దాం, ఆ డబ్బు మనది కాదు. మన కథకు దగ్గరి చుట్టం రిచర్డ్ షిర్మన్ అనే జర్మన్ బడిపంతులు. 1909 ఆగస్టులో పిల్లలను వెంటబెట్టుకుని రోజుల తరబడి కాలినడకన తిప్పుతుంటే ఉరుములు మెరుపులతో పెద్ద వాన పట్టుకుంది. దారిలోని ఒక పల్లె బడిలో గడ్డి పరుచుకుని పిల్లలు పడుకున్నారు. పంతులికి నిద్ర పట్టలేదు. సెలవుల్లో ఖాళీగా ఉండే బళ్లలో ఇలాగే పిల్లలకు తక్కువ డబ్బుతో బస ఇస్తే ఎలా ఉంటుందన్న ఊహ ఆ రాత్రి వచ్చిందే. 1912కల్లా ఆల్టెనా అనే ఊళ్లోని పాత కోటలో ప్రపంచంలో మొదటి శాశ్వత యూత్ హాస్టల్ తెరిచాడు. బార్సిలోనాలోనో బుడాపెస్ట్‌లోనో ఎనిమిది మంచాల గదిలో, పై బెర్త్ మీద, గురక పెట్టే అపరిచితుల మధ్య పడుకునే ప్రతి విద్యార్థీ ఆ పంతులికి కాస్త బాకీ ఉన్నట్టే.

తర్వాత రైళ్లు. అంతర్జాతీయ రైల్వేల సంఘానికి యాభయ్యేళ్లు నిండిన సందర్భంగా 1972లో ఇంటర్‌రైల్ పాస్ తెచ్చారు. ఇరవయ్యొక్కేళ్ల దాకా వయసున్నవాళ్లు నెల రోజులపాటు 21 దేశాల్లో ఎక్కడైనా తిరగొచ్చు. ఆ ఒక్క ఏడాదికే అనుకున్నది జనం ఎగబడటంతో ఆగలేదు, యాభయ్యేళ్లు దాటినా నడుస్తోంది. 1998లో వయసు పరిమితి కూడా తీసేశారు. ఇప్పుడు 27 ఏళ్ల దాకా యువతకు రాయితీ ధర. 2018లో యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగు వేసి, ఎంపికైన పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఉచితంగా పాస్ ఇచ్చే డిస్కవర్‌ఈయూ మొదలుపెట్టింది. మాస్టర్స్‌కి వెళ్లే మన పిల్లలకు ఆ వయసు ఎప్పుడో దాటిపోతుంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. యూరప్ బయట ఉండేవాళ్లకు యూరైల్, లోపల ఉండేవాళ్లకు ఇంటర్‌రైల్. చూసేది పాస్‌పోర్ట్ రంగు కాదు, నివాసం. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో రెసిడెన్స్ పర్మిట్ మీద ఉంటున్న గుంటూరు అబ్బాయి కొనాల్సింది ఇంటర్‌రైలే. అయితే దాంతో తానుంటున్న దేశంలో మాత్రం ఇష్టమొచ్చినట్టు తిరగడం కుదరదు. సరిహద్దు దాకా వెళ్లడానికి ఒకసారి, తిరిగి రావడానికి ఒకసారి, అంతే.

నివాసం చూసి తెరుచుకునే తలుపులు ఇంకా ఉన్నాయి. యూరోపియన్ ఎకనామిక్ ఏరియాలో నివాసం ఉన్న 26 ఏళ్ల లోపువాళ్లకు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. అదే వయసు కుర్రాడు హైదరాబాదు నుంచి టూరిస్టుగా వెళ్తే టికెట్ కొనాల్సిందే. జేబులో ఉన్న రెసిడెన్స్ కార్డు చూపించాలన్న సంగతి తెలియక, క్యూలో నిలబడి డబ్బు కట్టి వచ్చేవాళ్లు మనలో తక్కువేం కాదు.

భారతీయ విద్యార్థులకు యూరప్ అంటే ఒకప్పుడు ఇంగ్లండే. ఇప్పుడు జర్మనీ కూడా. 2023-24 శీతాకాల సెమిస్టర్‌లో అక్కడి యూనివర్సిటీల్లో 49,483 మంది భారతీయులు చదివారు. జర్మనీకొచ్చే విదేశీ విద్యార్థుల్లో చైనావాళ్లను దాటి మనదే మొదటి స్థానం. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేకపోవడం అందుకు పెద్ద కారణం. ఆ దేశం తొమ్మిది దేశాలతో సరిహద్దు పంచుకోవడం ఫీజు రసీదులో రాయని లాభం.

ఆ సరిహద్దులు దాటేందుకు కావాల్సిన కాగితం కథ లక్సెంబర్గ్‌లో మొదలైంది. మోసెల్ నది ఒడ్డున ఫ్రాన్స్, జర్మనీ, లక్సెంబర్గ్ మూడూ కలిసే చోట షెంగెన్ అనే చిన్న పల్లెటూరు ఉంది. 1985 జూన్ 14న ఐదు దేశాల ప్రతినిధులు ఆ ఊరి దగ్గర నదిలో ప్రిన్సెస్ మరీ ఆస్ట్రిడ్ అనే పడవెక్కి, తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేస్తామని సంతకాలు చేశారు. 1995లో అమలైంది. 2025 జనవరి 1 నుంచి రుమేనియా, బల్గేరియాల్లోకి భూమార్గాన వెళ్లడానికీ అడ్డు తొలగింది. ఇప్పుడు మొత్తం 29 దేశాలు. వాటిలో ఏ ఒక్కటి ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ ఉన్నా, మిగతా దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా వేరే వీసా లేకుండా ఉండొచ్చు. బ్రిటన్, ఐర్లండ్ ఈ లెక్కలో లేవు. పారిస్ దాకా వెళ్లినవాడికి లండన్ రెండున్నర గంటల రైలు దూరమే అయినా, వీసా లేకపోతే రైలెక్కనివ్వరు.

ఎత్తేసిన తనిఖీలు మళ్లీ వస్తున్నాయి కూడా. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటా పోలీసులను పెట్టింది. సాల్జ్‌బుర్గ్ నుంచి తిరిగొచ్చే రైలు సరిహద్దు స్టేషన్లో ఆగి, పోలీసులు బోగీలోకి ఎక్కడం మామూలైపోయింది. పక్క సీటు పోలండ్ అమ్మాయి పర్సులోంచి గుర్తింపు కార్డు తీసి చూపిస్తే పని అయిపోతుంది. మనవాడు పాస్‌పోర్టూ, రెసిడెన్స్ కార్డూ రెండూ తీయాలి. రెండిట్లో ఏది గదిలో మర్చిపోయినా ఆ సాయంత్రం పాడైనట్టే. పాత కార్డు గడువు తీరి కొత్తది చేతికి రాని వారాల్లో ప్రయాణం పెట్టుకోకపోవడమే తెలివి. ఒకే తరగతి, ఒకే ప్రాజెక్టు, ఒకే రైలు. అయినా ఇద్దరూ దాటే సరిహద్దు ఒకటి కాదు.

డబ్బు తక్కువైనచోట కాలం ఖర్చవుతుంది. డాయిచ్‌లాండ్ టికెట్‌తో దేశమంతా తిరగొచ్చు గానీ వేగంగా పోయే ఐసీఈ రైలెక్కకూడదు. హాంబుర్గ్ నుంచి మ్యూనిక్‌కు ఐసీఈలో సుమారు ఆరు గంటల దారి. రీజనల్ రైళ్లు మారుతూ వెళ్తే పొద్దున బయల్దేరినవాడు రాత్రికి గానీ చేరడు. జర్మన్ రైలంటే గడియారం సరిచేసుకోవచ్చన్న మాట మనవాళ్లు మోసుకెళ్లే భ్రమల్లో ఒకటి. 2024లో ఆ దేశపు దూరప్రాంత రైళ్లలో వేళకు నడిచినవి 62.5 శాతమే. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని వాళ్లు ఆలస్యంగా లెక్కపెట్టరు కూడా! అయితే గంట దాటితే టికెట్‌లో పావు వంతు, రెండు గంటలు దాటితే సగం వెనక్కిస్తారు. ఆ ఫారం నింపడంలో ఆరితేరిన సీనియర్లు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు.

బస్సులు ఇంకా చవక. 2013 దాకా జర్మనీలో దూరప్రాంత బస్సులకు దాదాపు అనుమతే ఉండేది కాదు, రైల్వేకి పోటీ రాకూడదని 1930ల నాటి చట్టం అడ్డుకునేది. అది తొలగగానే పుట్టుకొచ్చిన ఆకుపచ్చ ఫ్లిక్స్‌బస్సులు ఇప్పుడు ఖండమంతా తిరుగుతున్నాయి. రాత్రి ప్రయాణమైతే హాస్టల్ అద్దె మిగులుతుందన్నది విద్యార్థి గణితంలో మొదటి సూత్రం. నడుము పట్టేస్తుందన్నది రెండోది. కాస్త డబ్బుంటే ఆస్ట్రియా రైల్వే నైట్‌జెట్‌లో ఆరు బెర్తుల కూషెట్ ఉంది. 2016 చివర్లో జర్మనీ తన నైట్ రైళ్లను మూసేస్తే, వాటిలో చాలా మార్గాలను ఆ చిన్న దేశం తీసుకుని నిలబెట్టింది. విమానం చవకని ఎగబడేవాళ్లు మాత్రం అది దిగే చోటేమిటో చూసుకోవాలి. పారిస్ పేరుతో అమ్మే బోవే విమానాశ్రయం పారిస్‌కి 85 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కణ్నుంచి ఊళ్లోకొచ్చే బస్సు కొన్నిసార్లు విమానాన్ని మించిన ఖర్చు.

ఊరికే దొరికేవీ ఉన్నాయి. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి బస్సులు, ట్రాములు, రెండో తరగతి రైళ్లు దేశమంతా ఉచితం. రోమ్ వీధుల్లో నసోని అనే ఇనప కుళాయిలు రాత్రింబవళ్లు మంచినీళ్లు పారిస్తూనే ఉంటాయి, సీసా కొనక్కర్లేదు. డబ్బిచ్చినా దొరకని రోజూ ఉంది: జర్మనీలో ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూత. సోమవారం పొద్దున దాకా తిండి శనివారమే కొని పెట్టుకోవాలని మొదటి వారంలోనే ఆకలి నేర్పుతుంది.

ఇంత కష్టపడి వెళ్లి ఏం చూస్తున్నారన్నది అసలు ప్రశ్న. ‘ఐదు రోజుల్లో ఐదు దేశాలు’ రకం ప్రయాణాలు మనవాళ్లలో ఎక్కువ. ఐఫిల్ టవర్, మనెకెన్ పిస్ బొమ్మ, ఆమ్‌స్టర్‌డామ్ కాలవ, కొలోన్ చర్చి, ఒక్కోచోట మూడు గంటలు. ప్యాకేజీ టూర్‌లో వచ్చే పెద్దవాళ్లు ఎలాగూ అదే చూస్తారు. ఏడాదిపాటు అక్కడే ఉండే విద్యార్థికి దొరికే వరం వేరు. తీరిగ్గా, పేరు లేని ఊళ్లకు వెళ్లొచ్చు.

గ్యోర్లిట్స్ అలాంటి ఊరు. డ్రెస్డెన్ నుంచి రీజనల్ రైల్లో గంటన్నర లోపే, జర్మనీకి తూర్పు కొస. మధ్య యూరప్ గడియారాలన్నిటికీ ఆధారమైన 15 డిగ్రీల తూర్పు రేఖాంశం ఈ ఊరి మీదుగానే పోతుంది. 1945 మే 7న, యుద్ధం రేపోమాపో ముగుస్తుందనగా, వెనక్కి పోతున్న జర్మన్ సైన్యం నైసె నది మీది వంతెనను పేల్చేసింది. యుద్ధం తర్వాత ఆ నదే సరిహద్దైంది. ఊరు రెండు ముక్కలై, అవతలి ఒడ్డు పోలండ్‌లోని జ్గొజెలెట్స్‌గా మారింది. పాత వంతెన చోట కొత్తది 2004లో గానీ రాలేదు. 2007 డిసెంబరులో పోలండ్ షెంగెన్‌లో చేరాక తనిఖీ కూడా పోయింది, ఈ మధ్య మళ్లీ వచ్చేదాకా. ఇప్పుడు జర్మన్‌లో కాఫీ తాగి, రెండు నిమిషాలు నడిచి, పోలిష్‌లో భోంచేయొచ్చు. అదీ తక్కువ డబ్బుకి. యుద్ధంలో పెద్దగా దెబ్బతినని పాత వీధులు కావడంతో సినిమావాళ్లు ఈ ఊరిని వదలరు. వెస్ ఆండర్సన్ ‘ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్’లో కనిపించే హోటల్ హాలు బుడాపెస్ట్‌లో లేదు, గ్యోర్లిట్స్‌లోని ఖాళీ డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఉంది.

ఓడర్ నది మీది ఫ్రాంక్‌ఫర్ట్ సంగతి ఇంకా తమాషా. విమానాలు దిగే పెద్ద ఫ్రాంక్‌ఫర్ట్ కాదిది. ఇక్కడి వియాడ్రినా యూనివర్సిటీకి నదికి అవతల, పోలండ్‌లోని స్వూబిత్సెలో కూడా క్లాసులుంటాయి. విద్యార్థులు వంతెన మీద దేశం మారి పాఠానికి వెళ్తారు. నెదర్లాండ్స్‌లోని బార్లె ఇంకో వింత. ఆ ఊళ్లో బెల్జియం ముక్కలు 22 చెల్లాచెదురుగా ఉన్నాయి, వాటి కడుపులో మళ్లీ డచ్చి ముక్కలు. సరిహద్దు ఇళ్ల మధ్య నుంచి పోతే వీధి తలుపు ఏ దేశంలో ఉంటే ఇల్లు ఆ దేశానిదని వాడుక. కూచ్ బిహార్ దగ్గర భారత్, బంగ్లాదేశ్ ఇలాంటి ముక్కలనే 2015లో మార్చుకుని తలనొప్పి వదిలించుకున్నాయి. వీళ్లు మాత్రం దాన్నే చూపించి పర్యాటకులను రప్పించుకుంటున్నారు.

తీరికగా తిరగడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. హైదరాబాదు అమ్మాయి సరోజినీ ఛటోపాధ్యాయ పదహారేళ్లకే 1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ వెళ్లింది. లండన్ కింగ్స్ కాలేజీలో, కేంబ్రిడ్జి గిర్టన్‌లో చదివింది. మధ్యలో ఇటలీ చూసి, ఫ్లోరెన్స్ నుంచి పులకించిపోతూ ఉత్తరాలు రాసింది. 1898లో డిగ్రీ లేకుండానే తిరిగొచ్చింది. ఆ ఉత్తరాల్లోని భాగాలను ఆర్థర్ సైమన్స్ 1905లో ఆమె మొదటి కవితా సంపుటి ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’ ముందుమాటలో చేర్చాడు. అప్పటికి ఆమె సరోజినీ నాయుడు. ఆ పుస్తకం పేరే ఆబిడ్స్‌లో వాళ్లింటికీ వచ్చింది. అదే హైదరాబాదులో పుట్టి, తర్వాత రాష్ట్రపతి అయిన జాకిర్ హుస్సేన్ 1922లో బెర్లిన్ చేరి 1926లో అర్థశాస్త్రంలో డాక్టరేట్‌తో వచ్చాడు. ఈ మధ్యలో బెర్లిన్‌లోని కావియానీ ప్రెస్‌లో గాలిబ్ దివాన్‌ను అచ్చు వేయించాడు, అక్షరాలు కూర్చే పనిలో తానే చేయి పెట్టి. సిలబస్‌లో లేని ఆ పనినే తర్వాతి తరాలు థీసిస్ కంటే ఎక్కువగా గుర్తుపెట్టుకున్నాయి.

ఇప్పటి పిల్లలకు అంత తీరిక లేదన్నది నిజమే. జర్మనీలో విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. గిడ్డంగిలోనో రెస్టారెంట్‌లోనో శనాదివారాలు అమ్ముకుంటే తప్ప అద్దె వెళ్లనివాళ్లు ఉన్నారు. ఫిబ్రవరి పరీక్షలయ్యాక ఏప్రిల్ దాకా దొరికే సెలవులే వాళ్లకు దిక్కు. డిసెంబరులో బెర్లిన్‌లో సాయంత్రం నాలుగు కొట్టకముందే పొద్దు గుంకుతుంది కాబట్టి చలికాలపు ప్రయాణమంటే సగం చీకట్లో తిరగడమే. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది, కానీ అప్పుడు క్లాసులుంటాయి.

అందుకే చదువులోనే ప్రయాణం కలిసి ఉండే దారులు తెలుసుకోవడం మేలు. ఎరాస్మస్ సెమిస్టర్ యూరప్ పౌరులకే అన్న అపోహ చాలామందిలో ఉంది. అక్కడి యూనివర్సిటీలో డిగ్రీకి నమోదైన విద్యార్థి ఏ దేశస్థుడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. జర్మనీలోని చెమ్నిట్స్‌లో ఎమ్మెస్ చదివే వరంగల్ అమ్మాయి ఒక సెమిస్టర్ స్పెయిన్‌లో చదవొచ్చు, నెలనెలా గ్రాంటు కూడా వస్తుంది. ఇలాంటి ఒప్పందాల మీద వెళ్లేవాళ్లు చాలా దేశాల్లో 360 రోజుల దాకా కొత్త వీసా లేకుండా ఉండేందుకు 2016 నాటి యూరోపియన్ నిబంధన వీలు కల్పిస్తోంది. డెన్మార్క్, ఐర్లండ్‌లకు మాత్రం అది వర్తించదు. యూరోపియన్ కమిషన్ 2014లో చేయించిన అధ్యయనం ప్రకారం పాత ఎరాస్మస్ విద్యార్థుల్లో 27 శాతం మందికి జీవిత భాగస్వామి ఆ పరాయి దేశపు చదువులోనే తారసపడ్డారట. అప్పటిదాకా ఎరాస్మస్ జంటలకు పది లక్షల మంది పిల్లలు పుట్టి ఉంటారని కమిషన్ అంచనా కట్టింది. ఈ లెక్క ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది ఎవరి ధైర్యం వారిది.

రెండో దారి 2004లో మొదలైన ఎరాస్మస్ ముండుస్. ఇది ఇండియా నుంచే నేరుగా పెట్టుకునేది, స్కాలర్‌షిప్‌లు దక్కించుకునేవాళ్లలో భారతీయులు ఏటా ముందువరుసలోనే ఉంటున్నారు. ఈ మాస్టర్స్ కోర్సుల్లో కనీసం రెండు దేశాల్లో చదవడం తప్పనిసరి. మొదటి సెమిస్టర్ ఒకచోట, రెండోది ఇంకోచోట, థీసిస్ మరో దేశంలో కూడా కావచ్చు. స్కాలర్‌షిప్ నెలకి 1,400 యూరోలు, రెండేళ్ల దాకా. చాలా కోర్సులు అక్టోబరు నుంచి జనవరి మధ్య దరఖాస్తులు తీసుకుంటాయి. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ పెట్టుకోవచ్చు.